మా కోకర్‌కు రిహాబిలిటేషన్

జలవనరుల మంత్రి గౌరవనీయ కాంప్టన్ అడోనిస్ గారు మా న్యూ కంఫర్ట్ గ్రామానికి వేంచేసి, స్కూలు మైదానంలో చారిత్రక ప్రకటన చేశారు. ఇకపై తమ శాఖలో ఎవరూ ఏ పనీ చేయరు. అన్నీ నామవాచకాలే.

"క్రియాపదం చాలా ప్రమాదం, కామ్రేడ్స్," అన్నారాయన చెమట తుడుచుకుంటూ. "అది నోట్లోంచి ఊడిపడగానే ఎవరు, ఎప్పుడు అని రెండు ప్రశ్నలు తయారవుతాయి. నామవాచకం పెద్దమనిషి. దానికి చేసేవాడు అక్కర్లేదు, తేదీ అక్కర్లేదు. చివర ఒక 'షన్' తగిలించండి, కాకపోతే 'మెంట్' తగిలించండి. ఎంత అల్లరి పనైనా పేరైపోయి కుదురుగా కూర్చుంటుంది."

నేను చిన్నప్పుడే బడి మానేసినవాణ్ని. ఇంగ్లీషు గ్రామర్ ఇంత సుఖమని అప్పుడెవరైనా చెప్పి ఉంటే ఈపాటికి నేనూ మంత్రినయ్యేవాణ్ని.

సభకు వచ్చిన మా ఊరి వేవ్నీ ఆంటీకి మాత్రం ఈ మహత్తు అందలేదు. మా ఊరు సముద్రం కంటే పల్లం. పోటు వేళ కోకర్ తలుపు, అంటే తూము తలుపు, మూస్తేనే ఉప్పునీరు ఆగుతుంది. ఆ తలుపు కాస్తా పుచ్చి ఊడిపోయింది. పున్నమి పోటు దగ్గర పడుతోంది. తూముకు ఇవతలే ఆంటీ మిరప మడులు. ఆమెకున్నవి అవే.

"తలుపు ఎవరు బాగుచేస్తారయ్యా? ఎప్పుడు?" అని లేచి అడిగింది.

"చూశారా, రెండూ వచ్చేశాయి!" అని మంత్రిగారు సభకేసి తిరిగి నవ్వారు. "అమ్మా, నీకు కావలసింది బాగుచేయడం కాదు. రిహాబిలిటేషన్."

"అది మేకులు కొడుతుందా?"

"దాని కిందివాళ్లు చూసుకుంటారు."

మాట తప్పే మనిషి కాదు. మర్నాడే కిందివాళ్లు దిగారు. రిహాబిలిటేషన్‌కు జైనరైన్ అనే అధికారి, ఆయన కింద కోఆర్డినేషన్‌కు ఒకరు, అసెస్‌మెంట్‌కు ఒకరు. అసెస్‌మెంట్ గారు ఓసారి కోకర్ దాకా వెళ్లబోతే కోఆర్డినేషన్ గారు చెయ్యి పట్టుకుని ఆపారు. వెళ్లడం క్రియ కదా.

"ఏం నాయనా, ఇంకా కూర్చునే ఉన్నారా?" అంది ఆంటీ.

"కూర్చోలేదాంటీ," అన్నాడు జైనరైన్ కుర్చీలోంచి. "మాది ప్రెజెన్స్."

చివరికి రిహాబిలిటేషన్ లారీ ఎక్కి వచ్చింది. గ్రీన్‌హార్ట్ చెక్కతో చేసిన పెద్ద బోర్డు. ఏళ్లతరబడి నీళ్లలో నానినా చెడని చేవ అది. మీద "కోకర్ రిహాబిలిటేషన్" అని, అంతకంటే పెద్ద అక్షరాలతో మంత్రిగారి పేరు. రోడ్డు పక్కన పాతారు. ఆంటీ దాని దగ్గరికెళ్లి వేళ్ల కణుపులతో కొట్టి చూసింది.

"ఒరే, ఇది అచ్చం తలుపేరా!"

పున్నమి నాటి పొద్దున, నీళ్లు వెనక్కి పోయిన వేళ, మేం కొందరం బోర్డు పీకి తూముకు అడ్డంగా బిగించాం. సాయంత్రం పోటు వచ్చి గుద్దింది. చుక్క నీరు రాలేదు. మంత్రిగారి పేరు సముద్రాన్ని ఆపిందని ఎక్కడైనా సాక్ష్యం చెబుతాను.

అప్పుడే ఫొటోగ్రాఫర్‌తో సహా మంత్రిగారు దిగారు.

"నా రిహాబిలిటేషన్ ఏది?"

"అదుగో సార్, నీళ్లు ఆపుతోంది," అన్నాన్నేను.

ఆయన ముఖం మాడిపోయింది. "ఆపుతోందా? దాన్ని పనిలో పెట్టిందెవరు?"

"పోటు తగ్గేదాకా ఉండనివ్వు బాబూ, నా మడులు పోతాయి," అంటూ ఆంటీ అడ్డంపడింది.

"నా పేరు తలకిందులుగా ఉందమ్మా! ఫొటోలో ఎవడు చదువుతాడు?"

మంత్రిగారి వెంట వచ్చిన పోలీసులతో కలిసి జైనరైన్, అతని కిందివాళ్లు బోర్డుకు తాళ్లు కట్టి లాగారు. ఆ శాఖ మా ఊళ్లో చేసిన పని అదొక్కటే. ఎంతో చురుగ్గా చేశారు. బోర్డు వెనకాలే సముద్రం వచ్చింది. మంత్రిగారు ప్యాంటు మడుచుకుని, నీళ్లలోనే బోర్డు నిలబెట్టించి, పక్కన నిలబడి నవ్వారు.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. బోర్డు మీది అక్షరాలు ఒక్కటీ మునగలేదు. ఆంటీ పేపరు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు వెతికింది.

"ఇదుగో, ఇక్కడ," అంటూ మంత్రిగారి మోకాళ్ల కింద వేలు పెట్టింది. "మిరప ఇక్కడే ఉండేది."