ఉప్పుకాలవ మీద ఒక పూట వంతెన

మా ఆవిడ రెబెక్కమ్మ కన్నుమూసిన రోజునే, సైన్యాన్ని తగ్గించబోతున్నట్టు పత్రికలో ప్రకటన వచ్చింది. రెండో సంగతి దేశానికి సంబంధించినది కనుక దాని గురించే రాస్తాను. మొదటి దాని గురించి రాయవలసినది ఎక్కువ లేదు. మా చర్చి, దాని సమాధుల దొడ్డి ఉప్పుకాలవకు అవతలి ఒడ్డున ఉన్నాయి. ఆమెను పడవలో తీసుకువెళ్లాం. తరువాత ఆమె పేరు చెక్కించి తెచ్చిన రాయిని మాత్రం పడవ మోయలేకపోయింది. అది నేను పాఠాలు చెప్పే బడి వరండాలో ఉండిపోయింది.

ప్రకటన చేసినవారు ఢిల్లీలోని ఉపమంత్రిగారు. "శాంతిని కోరే దేశానికి ఇంత సైన్యం దేనికి? తుపాకీ పట్టిన చేతులకు పలుగులిస్తాం. సైనికుడు ఇక ప్రజల మధ్యకు వస్తాడు" అన్నారు. ఇంత గొప్ప ఆలోచన అంతకుముందు ఎవరికీ రాకపోవడానికి కారణం, అంతకుముందు వారు ఉపమంత్రి కాకపోవడమే.

సైనికుడు మొట్టమొదట వచ్చే చోటుగా నెల్లూరుకు తూర్పున, కాలవ గట్టున ఉన్న మా పాలెం ఎంపికైంది. ఎన్నికలు దగ్గరపడడానికీ దీనికీ సంబంధం లేదని ఉపమంత్రిగారే చెప్పారు కనుక ఆ విషయం ఎవరూ అనుమానించలేదు. ఇంజనీరింగ్ దళం ఒకటి మనుబోలు మీదుగా లారీల్లో దిగింది. తెల్లవారగానే ఇనుప ముక్కలు దించుకున్నారు. మధ్యాహ్నానికి కాలవ మీద వంతెన నిలబడింది. మా బడికి ఒక తలుపు పెట్టడానికి పట్టిన కాలం గుర్తొచ్చి, సైన్యాన్ని తగ్గించడం పొరపాటేమోనని ఒక్క క్షణం అనిపించింది.

ఇంతలో పంచాయతీ ప్రెసిడెంటు పద్మనాభయ్యగారు రొప్పుతూ బడికి వచ్చారు.

"అయ్యవారూ, కొంప మునిగింది. ఉపమంత్రి రేపు పొద్దున్నే వస్తా ఉండాడు. శిలాఫలకం చూస్తే నెల్లూరు నించి రాలా."

"నన్నేం చేయమంటారు?"

"మీ వరండాలో ఒక రాయి ఉండాదే."

"అది మా ఆవిడ సమాధి రాయండీ."

"తెలుసు సామీ. మహాతల్లి. వెనకపక్క ఖాళీనే గదా?"

నేను వరండాలోకి నడిచి రాయి వెనకపక్క చూశాను, ఖాళీగానే ఉంది.

"ఒక్క పూట ఇయ్యండి. ఎట్టా అవతలికి చేర్చాల్సిందే గదా. రేపు వంతెన తెరిచినాక మిలిటరీ లారీలో ఎక్కించి మీ దొడ్డికాడ దించే పూచీ నాది. అసలు వంతెన మీ రాయి కోసరమే వచ్చిందనుకోండి!"

పడవ మోయలేని రాయికి సైన్యమే సాయం వస్తానంటోంది. నేను ఒప్పుకున్నాను.

సాయంత్రానికల్లా వెనకపక్క ఉపమంత్రిగారి పేరు చెక్కారు. రెబెక్కమ్మ పేరు కంటే స్థలం ఎక్కువ పట్టింది, పదవులు కూడా ఉన్నాయి కదా. రాయిని గట్టు మీద సిమెంటుతో నిలబెట్టారు. ఉపమంత్రిగారి పేరు రోడ్డు వైపు, ఆమె పేరు నీళ్ల వైపు. ఒక్క పూటకు సిమెంటు దేనికని అడిగాను.

"గాలికి పడితే మంత్రికి అశుభం" అన్నారు పద్మనాభయ్యగారు.

మరునాడు ఉపమంత్రిగారు రిబ్బను కత్తిరించారు. "ఈ వంతెన కట్టిన వీరులే నా తగ్గింపులో మొదటివారు. ఈ సాయంత్రంతో వీరి దళం రద్దు!" అని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. ఆర్డరు అందగానే జవాన్లు కూడా కొట్టారు. ఆయన కారులో అవతలికి వెళ్లి, అక్కడ ఓటర్ల కంటే సమాధులే ఎక్కువ కనిపించడంతో వెంటనే తిరిగివచ్చి, టిఫిను చేసి వెళ్లిపోయారు.

పూచీ ఇచ్చిన పద్మనాభయ్యగారిని కూడా ఎక్కించుకున్న ఆ కారు మలుపు తిరగగానే విజిల్ మోగింది. జవాన్లు వంతెన విప్పడం మొదలుపెట్టారు. నేను హవల్దారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన పేరు హజరత్తయ్య, సంగం మనిషి.

"ఇదేమిటి, విప్పుతున్నారు?"

"వంతెన మిలిటరీది సార్. కట్టిన దళమే విప్పి స్టోర్సులో అప్పజెప్పాల. అదీ మా పద్ధతి. పొద్దుగూకితే దళమే ఉండదు. రేపు విప్పేదెవురు?"

"ప్రజల కోసం అన్నారు కదా!"

"ప్రజల కోసరం కట్టమన్నారు, కట్టినాం. ఉంచమని ఎవురూ అన్లేదు సార్."

"నా రాయి దాటించేదాకా ఆగండి."

"ఏ రాయి?"

చూపించాను. రోడ్డు వైపు చదివాడు. చుట్టూ తిరిగి వెళ్లి నీళ్ల వైపు చదివాడు. టోపీ తీశాడు.

"దీన్ని నేను పెకలించలేను సార్. ఆ పక్క మంత్రి ఉండాడు."

సాయంత్రానికి కాలవ మునుపటిలాగే ఉంది.

నెల్లూరు వెళ్లి సంబంధిత ఆఫీసరుగారికి మొరపెట్టుకున్నాను. చాలా మర్యాదస్తులు, కుర్చీ వేయించారు.

"ఫలకం తీసేస్తే ఎలా మాస్టారూ? వంతెన పూర్తయిందని ఢిల్లీకి రిపోర్టు వెళ్లిపోయింది."

"వంతెన లేదండీ."

"అందుకే, ఫలకమైనా ఉండాలి."

నా ప్రయాణం వృథా పోలేదు. ప్రభుత్వం రెండు చర్యలు తీసుకుంది. వంతెన ఉన్న ఊరికి పడవ దుబారా అని పడవను తీసేసింది. ఇప్పుడు చర్చికి వెళ్లేవాళ్లు ఆటుపోట్లు చూసుకొని, మంచి బట్టలు నెత్తిన పెట్టుకొని నీళ్లలో నడుస్తున్నారు. ఇక రెండోది, ఫలకం మీద ఎవరో కన్నేశారన్న సమాచారం అందడంతో దానికి కాపలా ఏర్పాటు చేసింది.

కాపలాకు హజరత్తయ్యనే వేశారు. అదే యూనిఫారం, భుజం మీద పట్టీలు మాత్రం లేవు. ఆయన దళంలో ఒకరు ఉపమంత్రిగారి కారు తలుపు తీస్తున్నారట. మరొకరు వారి గేదెలను చూస్తున్నారు. మిగిలినవారు తోటకు నీళ్లు పెడుతున్నారు. సైన్యం తగ్గింది, సైనికులు ప్రజల మధ్యకు వచ్చారు. ఉపమంత్రిగారు మాట తప్పే మనిషి కారు.

బడి వదిలాక నేను అటు వెళుతుంటాను. హజరత్తయ్య లేచి నిలబడతాడు.

"కూర్చోండి, ఇప్పుడు మీరు సివిలియన్ కదా."

"అలవాటు సార్."

నిన్న చూశాను, నీళ్ల వైపు కూడా రాయి శుభ్రంగా ఉంది.

"ఈ పక్క తుడవమని కూడా ఆర్డరు వచ్చిందా?"

"రోడ్డు పక్కకే ఆర్డరు సార్. అది డ్యూటీలో తుడస్తాను. అమ్మగారి పక్క డ్యూటీ దిగినాక."

ఆయన తుడిచే గుడ్డను కాలవలో జాడించి గట్టు మీద ఆరేశాడు.

రాయిని అవతలి ఒడ్డుకు చేర్చవలసి ఉంది.