తడి తువ్వాలు మీద పెట్టుబడి

ఆ రోజు చెయ్యాల్సిన పని ఒక్కటే. సాయంత్రం నాలుగింటికి లాండ్రీ షాపుకి వెళ్లి, ఓనరమ్మ చేతిలో చెక్కు పెట్టి, తాళాల గుత్తి తీసుకోవాలి. ఓనరమ్మకి మోకాళ్లు అరిగిపోయాయి, షాపు వదిలేస్తోంది. ఆ షాపులో ఎనిమిదేళ్లుగా నిలువుకాళ్ల మీద ఇస్త్రీ చేస్తున్న మనిషికే ఇస్తానంది. కానీ ఐదు దాటితే పక్కనున్న సెల్‌ఫోన్ల షాపువాడికి ఇచ్చేస్తానని కూడా అంది. ఆ ఇస్త్రీ చేసే మనిషి భర్తదే ఈ కథ.

"చెక్కు మీద పేరు రాయలేదు. ఆవిడ పేరున రాయాలో, కొడుకు పేరున రాయాలో అక్కడే చెప్తుందట. సంతకాలు అయిపోయాయి. నా దగ్గరుంటే ఇస్త్రీ ఆవిరికి తడిసిపోతుంది, మీ చొక్కా జేబులో పెడుతున్నా. నాలుగింటికి, గుర్తుందిగా?" అంది భార్య.

"గుర్తుంది," అన్నాడతను ఫోన్లోంచి తలెత్తకుండా.

"ఏం గుర్తుంది?"

"నాలుగు."

"నాలుగేంటి?"

అతను తలెత్తాడు. ఆవిడ మొహం చూసి, "షాపు, చెక్కు, తాళాలు," అని గబగబా అప్పజెప్పి బయటపడ్డాడు.

అతనిది స్టార్టప్ ఉద్యోగం. ఆ కంపెనీ తయారు చేసేది బట్టల క్లిప్పు. తీగ మీద ఆరేసిన బట్టకి ఆ క్లిప్పు తగిలిస్తే, బట్ట ఆరగానే ఫోన్‌కి కబురొస్తుంది. చెయ్యి చాపి తాకితే తెలిసిపోయే సంగతిని ఫోన్ దాకా మోసుకురావడానికి పద్నాలుగు మంది మూడేళ్లుగా తలలు బద్దలుకొట్టుకుంటున్నారు. వాళ్లలో ఇతను టెస్టర్. అంటే ఒక పసుపుపచ్చ తువ్వాలుని రోజుకి ఆరుసార్లు తడిపి, తీగ మీద వేసి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆఫీసులో అందరూ అతన్ని టెస్టర్ అనే పిలుస్తారు. తువ్వాలుకి మాత్రం ఇంజనీర్లు ముద్దుగా ఒక పేరు పెట్టుకున్నారు.

ఈ మూడేళ్లలో టెస్టర్ ఆ తువ్వాలుని ఎంత చూశాడో ఇన్వెస్టర్లనీ అంత చూశాడు. వస్తారు. గాజు గదిలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటారు. "ఇంట్రెస్టింగ్" అంటారు. పోతారు. తడిపేవాడికి చేతివేళ్లు నాని ముడతలు పడుతున్నాయి, చూసిపోయేవాడికి కార్లు మారుతున్నాయి. తను ఆ బల్లకి అటువైపు ఉండాల్సినవాడినని టెస్టర్‌కి గట్టి నమ్మకం కుదిరింది. ఇన్వెస్టర్ కావడం ఎలాగో నేర్పే రెండు గంటల ఆన్‌లైన్ క్లాసు కూడా పూర్తి చేశాడు. అందులో రెండు పాఠాలు బాగా ఒంటబట్టాయి. ఇన్వెస్టరన్నవాడు ఎవరికీ ఎన్నడూ "వద్దు" అని చెప్పకూడదు. ఎవరేం చూపించినా, "ఇంకెవరెవరు ఉన్నారు?" అని అడగాలి.

జేబులో చెక్కు ఉంటే మనిషికి ఛాతీ దానంతటదే పొంగుతుంది. బస్సులో ఒంటికాలి మీద నిలబడి, టెస్టర్ ఫోన్ తీసి, ఉద్యోగాల సైట్లో ఉన్న తన ప్రొఫైల్‌లో పాత ఉద్యోగం పేరు చెరిపేసి "ఇన్వెస్టర్" అని రాసుకున్నాడు. ఒక్క మాటే కదా, కాసేపు చూసుకుని మురిసిపోదామని. బస్సు దిగేలోపు నూటపది మంది అభినందించారు. వాళ్లలో ముప్పై మంది తమ కంపెనీల గురించి విన్నవించుకున్నారు. ఒకడిది కుక్క ఏ మూడ్‌లో ఉందో చెప్పే మెడపట్టీ. ఇంకొకడిది కుర్చీ ఎంతసేపటినుంచి ఖాళీగా ఉందో చెప్పే దిండు. ఫోన్ అదేపనిగా గింజుకుంటుంటే దాని నోరు నొక్కేసి జేబులో పడేశాడు.

ఆఫీసులో యజమానిని అందరూ విజన్‌గారు అంటారు. రెండు మాటలకోసారి "నా విజన్ ఏంటంటే" అనడం వల్ల అసలు పేరు అరిగిపోయింది. కంపెనీలో ఇంకో నెల జీతాలకి మాత్రమే డబ్బుంది. ఆరోగ్యానికి మంచిది కాదని చెప్పి కిందటి వారమే కాఫీ మిషన్ తీసేశారు. అలాంటి విజన్, రోజూ "ఏయ్ టెస్టరూ" అని వేలుతో పిలిచే విజన్, ఇవాళ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"రండి రండి! నిలబడ్డారేంటండీ, కూర్చోండి."

టెస్టర్ వెనక్కి తిరిగి చూశాడు, తన వెనకాల ఎవరొచ్చారోనని.

"మిమ్మల్నే! మీ ప్రొఫైల్ ఇప్పుడే చూశా. మూడేళ్లుగా పక్కనే ఉండి ఒక్క మాట చెప్పలేదే. పొలం అమ్మారా?"

"ఏ పొలం?"

"అడగను. అలాంటివి అడగకూడదు." విజన్ ముందుకి వంగాడు. "సూటిగా అడుగుతున్నా. మన క్లిప్పులో మీరు దిగుతారా?"

టెస్టర్ అప్పుడే, "అయ్యా, సరదాకి రాసుకున్నాను," అని ఉంటే కథ అక్కడితో తెల్లారిపోయేది. కానీ ఆ కుర్చీ మెత్తగా ఉంది. "మీరు" అన్న పిలుపు ఇంకా మెత్తగా ఉంది. పైగా పాఠం ప్రకారం వద్దని చెప్పకూడదు.

"ఇంట్రెస్టింగ్," అన్నాడు కాలు మీద కాలేసి. "ఇంకెవరెవరు ఉన్నారు?"

విజన్ మొహం వెలిగిపోయింది. ఆ ప్రశ్న అడిగినవాడు ఒక కాలు లోపల పెట్టినట్టేనని ఆ లోకంలో లెక్క. "తెస్తాను. సాయంత్రంలోగా తెస్తాను!" అంటూ ఫోన్ అందుకున్నాడు. చేసింది పెద్దాయనకి. పెద్దాయన అంటే ఎనిమిది నెలలుగా "ఇంట్రెస్టింగ్" అంటూ చెక్కు రాయని ఇన్వెస్టర్.

"సార్, ఒకరు దిగారు."

"ఎవరు?"

"పేరు చెప్పలేను సార్. మన క్లిప్పుని మూడేళ్లుగా రోజూ దగ్గరుండి చూస్తున్న మనిషి."

"మూడేళ్లు చూశాక కూడా పెడుతున్నాడా?"

"చూశాడు కాబట్టే సార్."

పశువుల సంతలో గేదెని కొనేవాడు కనీసం దాని పళ్లు చూస్తాడు, పొదుగు పట్టుకుని చూస్తాడు. ఈ సంతలో గేదె వంక చూసేవాడు లేడు. అందరూ పక్కవాడి మొహమే చూస్తారు. పక్కవాడు కొంటున్నాడంటే గేదె మంచిదే, కట్టుకొయ్యకి గేదె లేకపోయినా సరే. పెద్దాయన ఇద్దరు స్నేహితుల చెవిన వేశాడు. ఒకాయన కళ్లజోడాయన, ఇంకొకాయన గళ్లచొక్కా. ముగ్గురూ మూడింటికి వస్తామన్నారు.

మధ్యాహ్నానికి ఆఫీసంతా చెవులు కొరుక్కుంటోంది. తువ్వాలు తడపడం నాటకమట. కంపెనీని లోపలినుంచి గమనించడానికే మూడేళ్లు మారువేషంలో ఉన్నాడట. తువ్వాలు ముందుండే విరిగిన కుర్చీ మాయమై, కొత్త కుర్చీ ప్రత్యక్షమైంది. ఎన్నడూ పలకరించని ఇంజనీరు ఒకడు పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, నేనెప్పుడూ నిన్ను ఏమీ అనలేదు కదా?"

"తువ్వాలుగాడు అన్నావు."

"ప్రేమతో అన్నా, అన్నా!"

ఇక ఈ ఆట ఆపాలనుకున్నాడు టెస్టర్. రెండింటికి విజన్ దగ్గరికి పరిగెత్తాడు. "సార్, ఆ ప్రొఫైల్ సంగతి..."

"ఏమీ చెప్పకండి!" విజన్ తలుపు మూశాడు. "ముగ్గురు వస్తున్నారు. ఇప్పుడు మీరు లేరంటే నన్ను కోర్టుకీడుస్తారు. ఈ పద్నాలుగు మంది రోడ్డున పడతారు, వాళ్లలో మీరూ ఒకరు. చిన్నదైనా పర్లేదు, వాళ్ల ముందు చెక్కు తియ్యండి చాలు. మీది చూసి వాళ్లు తీస్తారు. చెక్కు ఉందిగా?"

టెస్టర్ నోరు లేదనబోయింది. చెయ్యి మాత్రం చొక్కా జేబు మీదికి పోయింది. విజన్ నోటి మాట పట్టించుకోలేదు, చేతినే చూశాడు.

మూడింటికి ముగ్గురూ వచ్చి గాజు గదిలో కూర్చున్నారు. టెస్టర్‌ని కూడా వాళ్ల వరసలోనే కూర్చోబెట్టారు. అంతలో ఒక చిక్కొచ్చింది. క్లిప్పు పనితనం చూపించాలి, కానీ ఆ పద్నాలుగు మందిలో తువ్వాలు తడపడం ఇంకెవరికీ రాదు. ఒక ఇంజనీరు ప్రయత్నించి బకెట్టు తన్నేశాడు. చివరికి టెస్టరే లేచి, చొక్కా చేతులు మడుచుకుని, తువ్వాలు తడిపి, కంగారులో పిండకుండానే తీగ మీద వేసి, క్లిప్పు తగిలించి, చేతులు తుడుచుకుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ ఇన్వెస్టర్‌గా కూర్చున్నాడు.

"ముప్పై ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నా," అన్నాడు పెద్దాయన గళ్లచొక్కాతో, "స్వయంగా బకెట్లో చేతులు పెట్టే ఇన్వెస్టర్ని ఇప్పుడే చూస్తున్నా. ఎంత లోతుగా దిగాడో!"

విజన్ గంటసేపు మాట్లాడాడు. ప్రపంచంలో ప్రతి ఇంట్లోనూ బట్టలు తడుస్తాయన్నాడు. వాటిలో అత్యధిక శాతం ఆరతాయన్నాడు. అతను అలా చెబుతుండగానే టెస్టర్‌ది తప్ప గదిలో అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి: "మీ బట్ట ఆరింది!" తీగ మీద తువ్వాలు ధారగా కారుతోంది. నీళ్లు నేలమీద పాములా పాకుతూ పెద్దాయన బూట్ల దాకా వచ్చాయి. ఒక్కరూ తువ్వాలు వైపు చూడలేదు.

"మీరేమంటారు?" అన్నాడు పెద్దాయన, బూటు పక్కకి జరుపుకుంటూ.

"మీరుంటే నేనుంటా," అన్నాడు కళ్లజోడాయన.

"ఈయనుంటే నేనుంటా," అన్నాడు గళ్లచొక్కా.

ముగ్గురూ కలిసి టెస్టర్ వైపు తిరిగారు. "మొదలు మీరే," అన్నాడు పెద్దాయన.

గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. టెస్టర్ చెక్కు తీసి బల్లమీద పెట్టాడు. ఎనిమిదేళ్ల ఇస్త్రీ అది. దానిమీద పేరు రాయాల్సిన చోటు తెల్లగా, ఎవరి పేరైనా పడుతుందన్నట్టు ఉంది. రాస్తే షాపు పోతుంది. రాయకపోతే ఉద్యోగం పోతుంది, అంతకన్నా ముఖ్యంగా ఈ కుర్చీ పోతుంది. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఆ క్షణాన అతన్ని ఎక్కువగా బాధపెట్టింది కుర్చీయే. విజన్ కలం మూత తీసి మరీ చేతికిచ్చాడు. టెస్టర్ కలం కాగితం మీద ఆనించాడు.

తలుపు భళ్లున తెరుచుకుంది.

"మూడింటినుంచి పదకొండుసార్లు చేశాను ఫోన్! పోయారో ఉన్నారో తెలియక ఆటో చేసుకుని వచ్చాను!"

ఇస్త్రీ వేడికి ఎర్రబడిన మొహంతో, నడుముకి ఏప్రన్‌తో, భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ చూపు భర్త మీద, కలం మీద, చెక్కు మీద వరసగా ఆగింది. రెండడుగులు వేసేసరికి నీళ్లలో కాలు జారి, పడబోయి తీగ మీది తువ్వాలు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగింది.

"ఇదేంటి, నీళ్లోడుతోంది?"

"ఆరిపోయింది మేడమ్," అన్నాడు విజన్ ఫోన్ చూపిస్తూ. "ఇదిగోండి."

ఆవిడ తువ్వాలు అంచు మెలితిప్పింది. దోసెడు నీళ్లు విజన్ బూట్ల మీద పడ్డాయి. "ఇది ఆరిందా?"

"సెన్సర్ ప్రకారం..."

"ఇంతమంది ఉన్నారు, ఒక్కరైనా చేత్తో తాకి చూడ్డానికి ఏం రోగం మీకు?"

ఆవిడ బల్ల మీది చెక్కు లాక్కుని ఏప్రన్ జేబులో దోపుకుంది. "లేవండి. షాపు పోతుంది."

"ఏం షాపమ్మా?" అన్నాడు పెద్దాయన.

"లాండ్రీ. నూట నలభై ఇళ్ల బట్టలొస్తాయి. ఇరవై ఏళ్లుగా ఒక్క రోజు మూతపడలేదు."

"అలాగా! అందులో ఇంకెవరెవరు ఉన్నారు?"

"ఎవరుంటారు? మేమే."

పెద్దాయన మొహంలో దీపం ఆరిపోయింది. "ఇంట్రెస్టింగ్," అన్నాడు.

"అంత ఇంట్రెస్టుంటే రేపు మీ బట్టలు పంపండి," అంది ఆవిడ, భర్త మోచెయ్యి పట్టుకుని లాక్కుపోతూ. ఐదుకి ఎనిమిది నిమిషాలుండగా షాపు చేరారు. సెల్‌ఫోన్ల షాపువాడు అప్పటికే గుమ్మం కొలుస్తున్నాడు. ఓనరమ్మ చెక్కు తీసుకుని తాళాల గుత్తి భార్య చేతిలో పెట్టింది.

అక్కడ ఆఫీసులో కొంప కొల్లేరైందనే అందరూ అనుకున్నారు. విజన్ మాత్రం తడిసిన బూట్లతోనే లేచి నిలబడ్డాడు. "చూశారా సార్! నేను చూపించాలనుకున్నది ఇదే. మిషన్ పొరబడుతుంది, మనిషి చెయ్యి పొరబడదు. ఇకనుంచి మన విజన్, అనుభవమున్న చేత్తో తాకి ఖాయం చేసిన ఆరుదల!"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఆవిడ చెక్కు ఎందుకు లాక్కుంది?" అని గొణిగాడు కళ్లజోడాయన. పెద్దాయన కళ్లు మూసుకుని ఆలోచించాడు. "మొత్తం కంపెనీ వాళ్లకే కావాలేమో. మన చేతికి రాకుండా చేస్తున్నారు. నేనున్నాను!" అన్నాడు. మిగతా ఇద్దరూ ఆయన వెంటే ఉన్నారు.

డబ్బొచ్చింది. కాఫీ మిషన్ తిరిగొచ్చింది. ఖర్చు తగ్గించుకోవాలని కొత్త ఇన్వెస్టర్లు మొదట పెట్టిన షరతు, టెస్టర్ అన్న ఉద్యోగం తీసెయ్యడం; అందులో ఉన్నదెవరో వాళ్లు అడగలేదు. ఎలాగూ ఇకమీద అనుభవమున్న చేతులే తాకుతాయి కదా. ఆ చేతుల కోసం ఊరంతా గాలించి, విజన్ చివరికి టెస్టర్ భార్య షాపుకే వచ్చాడు. తాకి చూసి "ఆరింది" అని ఫోన్లో నొక్కడానికి నెలనెలా ఇంత అని ఒప్పందం. డబ్బు ముందే కట్టాలంది ఆవిడ. "ఇంట్రెస్టింగ్" అన్నాడు విజన్. "ఆ మాట ఇక్కడ చెల్లదు," అని ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కకి పెట్టి చెయ్యి చాపింది.

టెస్టర్ ఇప్పుడు ఆ షాపు వెనక పెరట్లో పనిచేస్తున్నాడు. "తాకే పని నాది, ఆరేసే పని మీది. మూడేళ్ల అనుభవం ఊరికే పోకూడదు," అంది భార్య. ప్రొఫైల్‌లో ఇన్వెస్టర్ అన్న మాట ఇంకా ఎందుకుంచుకున్నారని ఒకరోజు ఆవిడ అడిగితే, "షాపులో మన డబ్బుందిగా," అన్నాడు బింకంగా. అన్నాక నిజమే అనిపించి, దాని కింద లాండ్రీ పేరు కూడా చేర్చాడు.

ఈసారి ఒక్కరూ అభినందించలేదు.