గ్లెనిస్‌కి పొదుగువాపు

ఆ రోజు పొద్దున్నే కంచె బాగు చేద్దామని టీ తాగి బయల్దేరాడు మెర్విన్. టాస్మేనియాలో గొర్రెలు ఈనే కాలం. కొండవాలంతా పిల్లల అరుపులే. మందలో గ్లెనిస్ అనే గొర్రె వెనకకాలు ఈడుస్తోంది. దాని కవల పిల్లలు పాలకోసం కిందకి దూరుతుంటే తన్నేస్తోంది. పట్టి చూస్తే పొదుగులో ఎడమ సగం ఎర్రగా కాలిపోతూ, రాయిలా ఉంది. పిండితే పాలకు బదులు నీళ్ళూ విరుగుడు ముక్కలూ వచ్చాయి. ఆలస్యం చేస్తే తల్లి చస్తుంది, పిల్లలు ఆకలితో మాడతాయి.

మేత తొట్టి దగ్గర అన్నిటినీ నెట్టుకుని ముందు నిలబడి, మిగతావాటిని అదుపులో పెట్టే గొర్రె అది. ఊళ్ళో మహిళా సంఘం అధ్యక్షురాలు గ్లెనిస్ తీరూ అదే. గొర్రెలకి మనుషుల పేర్లు పెట్టొద్దని భార్య రోనా ఎంత చెప్పినా మెర్విన్ వినలేదు.

పొలంలో ఫోను పలకదు. అతను బండి వేసుకుని ఊళ్ళో దుకాణం వరండాలోకి వచ్చి పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు. లోపల రొట్టెలు సర్దుతున్న లొరెయిన్‌కి ఇటువైపు మాటలే వినబడ్డాయి.

"డాక్టర్, గ్లెనిస్‌కి ఎడమవైపంతా గట్టిపడిపోయింది. పొద్దున నేనే పట్టి చూశాను. చెయ్యి వేస్తే తన్నింది. నయమైనా సరే, ఈ ఏడాదితో దాన్ని వదిలించుకోవడమే."

లొరెయిన్ చేతిలో రొట్టె జారిపోయింది. ఆమె మంచి మనిషి కాబట్టి విషయం ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరూ మంచి మనిషే. మధ్యాహ్నానికల్లా గ్లెనిస్ ఇంటికి సూపు గిన్నెలూ, పూలగుత్తులూ వచ్చిపడ్డాయి. గ్లెనిస్ జుట్టు కత్తిరించుకోడానికి పట్నం వెళ్ళింది. ఇంట్లో ఉన్న భర్త కీత్‌ని ఒక్కొక్కరే వచ్చి కావలించుకుని, ధైర్యంగా ఉండమన్నారు. వాళ్ళ మాటలనుబట్టి, భార్య తన దగ్గర జబ్బు దాచి మెర్విన్‌కి చెప్పుకుందని అతనికి అర్థమైంది. నలభై ఏళ్ళ కాపురం కళ్ళముందు తిరిగింది. టోపీ కూడా పెట్టుకోకుండా మెర్విన్ వాళ్ళ గొర్రెల కొట్టం దగ్గరికి వచ్చేశాడు.

అప్పటికి డాక్టరు సూదిమందు ఇచ్చి వెళ్ళిపోయాడు. గొర్రె గడ్డిమోపుల వెనక పడుకుని ఉంది. కీత్‌ని చూడగానే పేరు సంగతి బయటపడిందనుకుని మెర్విన్ తల దించుకున్నాడు.

"గ్లెనిస్ సంగతి నిజమేనా?" అన్నాడు కీత్.

"నిజమే."

"నాకు చెప్పకుండా నీకెందుకు చెప్పింది?"

"అది చెప్పలేదు కీత్. కుంటుతుంటే నేనే పట్టుకుని చూశాను."

కీత్ మేతబస్తా మీద కూలబడ్డాడు. అంత బాధపడతాడని మెర్విన్ అనుకోలేదు. ప్రాణానికి భయం లేదనీ, ఒక పక్క ఎండిపోయినా రెండోది పనికొస్తుందని డాక్టరు చెప్పాడనీ ఓదార్చాడు. "పిల్లలిద్దరికీ సీసాపాలు నేనే పడతాలే" అన్నాడు.

"ఏ పిల్లలు?" అన్నాడు కీత్.

గడ్డిమోపుల వెనకనుంచి సమాధానం వచ్చింది. కీత్ లేచి వెళ్ళి, గొర్రెనీ దాని మెడలో పేరు రాసిన బిళ్ళనీ చాలాసేపు చూశాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, మెర్విన్‌ని కొట్టాలో కావలించుకోవాలో తేలక, రెండూ కొంచెం కొంచెం చేశాడు.

అంతలో గ్లెనిస్ కారు వచ్చింది. ఇంట్లో తన సంతాప సభ సగం జరిగిపోవడం చూసి, లొరెయిన్‌ని నిలదీసి, నేరుగా ఇక్కడికే వచ్చింది. పిల్లలకి పాలసీసా తెచ్చిన రోనా దాన్ని అక్కడే పెట్టి, చప్పుడు కాకుండా ఇంట్లోకి జారుకుంది. గ్లెనిస్ గొర్రె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పొదుగు మీద చెయ్యి పెట్టి చూసింది. గొర్రె తన్నలేదు. వేడి తగ్గుతోందని చెప్పి, బక్కగా ఉన్న పిల్లని ఒళ్ళో పెట్టుకుని సీసా అందుకుంది. మెర్విన్ క్షమాపణ మొదలుపెట్టాడు.

"పోనీలే," అంది గ్లెనిస్. "మా పొట్టేలుకి నేనూ నీ పేరే పెట్టాను."

మెర్విన్ ముఖం వికసించింది. "ఎలా ఉంది?"

"రెండేళ్ళు మేపాం. ఒక్క గొర్రె కూడా చూలు కట్టలేదు. పోయిన వారం అమ్మేశాం."

"మంచి ధర కూడా రాలేదు," అన్నాడు కీత్.