మడ్డి కదిలిన సీసా

పెళ్లయిన ఆరేళ్లకు మామగారు అల్లుడికి అప్పగించిన మొదటి పని ఇది. బీరువాలో పడుకోబెట్టి ఉన్న ఇటలీ ఎర్ర వైన్ సీసాను తెచ్చి భోజనాల బల్ల మీద నిలబెట్టాలి. అంతే. నలభై ఏళ్ల క్రితం మామగారు ఓడలో వంటవాడిగా ఉన్నప్పుడు కెప్టెన్ ఆ సీసా చేతికిచ్చి, "జాగ్రత్తగా ఉంచు, ఎప్పుడో వస్తాను, ఇద్దరం కలిసి రుచి చూద్దాం" అన్నాడట. ఆ కెప్టెన్ ఇవాళే వస్తున్నాడు. పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరిగిన మామగారు ఆయన్ని తీసుకురావడానికి స్టేషన్‌కు వెళ్లారు.

"ఈ ఒక్క పనైనా సవ్యంగా చేస్తే మావయ్యగారు నన్ను మనిషిగా లెక్కేస్తారు అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు, సీసాను పసిబిడ్డలా ఎత్తుకుని.

పాపం, అతని మనసు మంచిదే. వచ్చిన చిక్కల్లా చేతులతోనే. పదిహేనేళ్లుగా మందుల షాపు నడుపుతున్న మనిషాయె. సీసాను వెలుతురుకేసి పట్టి చూస్తే అడుగున నల్లటి మడ్డి కనిపించింది. ఇంకేముంది, దగ్గు మందు కలిపినట్టు పదిసార్లు బాగా ఊపేశాడు.

"అయ్యయ్యో బాబూ! పాత వైన్‌ని కదపకూడదట! మడ్డిని అడుగునే వదిలేసి పైది మెల్లగా వంచుకోవాలట!" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి.

అల్లుడు సీసాను మళ్లీ వెలుతురుకేసి పట్టాడు. లోపల వైన్ బురద కాలవలా తిరుగుతోంది. "వడకట్టేద్దాం!" అన్నాడు. బిరడా తీయబోతే సగం విరిగి లోపల పడింది. తన సంచీలోంచి దూది తీసి, అందులోంచి కూజాలోకి వడకడితే ఆ దూది కాస్తా కూజాలోకి జారింది. చెంచాతో దాన్ని తీస్తుంటే కూజా ఒరిగి తెల్లటి బల్లగుడ్డ మీద గ్లాసెడు ఒలికింది. మరక మీద పళ్లబుట్ట పెట్టాడు. మరక బుట్టకంటే పెద్దది. బుట్ట కింద పేపరు పరిచాడు.

"వైద్యం చేస్తున్నావా, చంపుతున్నావా నాయనా?" అన్నారు అత్తగారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం వల్ల ఆవిడ నవ్వుతున్నదీ ఏడుస్తున్నదీ తెలియలేదు.

అంతలో గంట మోగింది.

కెప్టెన్ కూర్చోగానే, అల్లుడు కూజాలోంచి పోసిచ్చిన గ్లాసు ఎత్తి కిటికీ వైపు తిప్పాడు. "ఇంత పాత వైన్‌కి అంచున ఇటుకరంగు తేలాలే! ఇదేంటి, ఇలా మసకగా ఉంది?" వాసన చూశాడు. "ఎండిన గులాబీల వాసన రావాలి. ఇది ఆసుపత్రి వాసన."

మామగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అది చూసి అల్లుడు ఆగలేకపోయాడు. "తప్పంతా నాదేనండీ. సీసా ఊపేశాను. మావయ్యగారు నలభై ఏళ్లు కాపాడినదాన్ని నేను అరగంటలో పాడుచేశాను."

కెప్టెన్ ఒక గుక్క చప్పరించి మొహం చిట్లించాడు. "మడ్డి లేచాక చేదు తప్ప ఏం తెలుస్తుంది? దీని అసలు రుచి ఇక దేవుడికే తెలియాలి." తర్వాత మామగారి భుజం తట్టాడు. "పోనీలేవోయ్! ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్నావు, నాకదే చాలు." కాఫీ తాగి, పాత కబుర్లన్నీ చెప్పుకుని, మధ్యాహ్నం రైలుకు సంతోషంగానే వెళ్లిపోయాడు.

చీవాట్లు తినడానికి అల్లుడు తలొంచుకుని నిలబడ్డాడు. మామగారు తలుపు గడియ వేసి వచ్చి, అతన్ని గట్టిగా కావలించుకున్నారు.

"బతికించావయ్యా అల్లుడూ! పదిహేనేళ్ల కిందట మా పెళ్లిరోజున నేనూ మీ అత్తయ్యా దాన్ని కాస్తా తాగేశాం. భయమేసి, చవక వైన్‌లో టీ డికాషన్ కలిపి పోసి బిరడా బిగించేశాను. నువ్వు ఊపింది మడ్డి కాదు, టీ పొడి! ఒక్క గుక్కలో పట్టేస్తాడని వారం నుంచి కంటిమీద కునుకు లేదనుకో!"

అల్లుడు కుర్చీలో కూలబడి కడుపుబ్బా నవ్వాడు. ప్రాణం లేచొచ్చింది. "ఇంతకీ అసలు వైన్ ఎలా ఉంది మావయ్యగారూ?"

మామగారు అరమోడ్పు కళ్లతో, "అబ్బ, ఏం చెప్పమంటావు..." అని మొదలుపెట్టారు.

"పుల్లగా ఉంది" అన్నారు అత్తగారు, బల్లగుడ్డ నానబెడుతూ.