హారాలు కొట్టేసిన పీరియడ్

ఆ శుక్రవారం లెక్కల టీచరు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ఐదో తరగతి పిల్లలకు రంగు కాగితాల పట్టీలు పంచాలి. వాటిని సగాలుగా, మూడో వంతులుగా, ఆరో వంతులుగా మడిపించి, ఒకదాని పక్కన ఒకటి పెట్టించి, భిన్నాల కూడిక చేతులతోనే చేయించాలి. పొద్దున్నే బల్ల మీద కత్తెర, స్కేలు, కాగితాలు పరిచి ఆవిడ పట్టీలు కత్తిరిస్తుంటే, భర్త పేపరు కోసం ఇల్లంతా వెతికి చివరికి ఆ బల్ల దగ్గరే తేలాడు. నమూనా పట్టీలన్నీ ఆ పేపరులోంచే వచ్చాయి.

“ఇందులో చదవడానికి ఎంత మిగిలింది?” అన్నాడు.

“ఐదింట రెండు వంతులు,” అంది ఆవిడ తలెత్తకుండా.

ఈ పీరియడ్ కోసం ఆవిడ పడని పాట్లు లేవు. వారానికి ఒక్క గంట, పుస్తకం మూసేసి చేతులతో లెక్కలు చేయించే గంట. పెద్ద మేడంకి అది కంట్లో నలుసు. పెద్ద మేడం అంటే బడికి హెడ్మిస్ట్రెస్; వ్యాకరణం, వ్యాసరచన చెప్పి చెప్పి ఆ కుర్చీ దాకా వచ్చిన మనిషి. ఘనపరిమాణం పాఠం నాడు బకెట్లలోంచి నీళ్ళు ఒలికి ఆఫీసు గదిలోకి నడిచి వెళ్ళాయి. వైశాల్యం నాడు వరండా పొడుగునా పరిచిన కాగితాల మీద డ్రిల్లు మాస్టారు ఈ చివర నుంచి ఆ చివరకు జారుతూ వెళ్ళారు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఆ గంట వ్యాసరచనకు ఇచ్చేస్తానని పెద్ద మేడం తేల్చి చెప్పేసింది. పైగా ఇవాళ తనిఖీకి అధికారి వస్తున్నాడు. ఆ గంట ఉంటుందో ఊడుతుందో ఇవాళ తేలిపోతుంది.

తయారీలో ఎక్కడా లోపం లేదనే ఆవిడ నమ్మకం. భిన్నంలో పైన ఉండే అంకె లవం, కింద ఉండే అంకె హారం అని ముందురోజే చెప్పింది. బెల్లు మోగి పిల్లలు సంచులు సర్దుకునే గోలలో, “రేపు తలా ఒక హారం తీసుకురండి. మీకిష్టమైంది. మరీ పెద్దది వద్దు, చిన్నదైతే పని సులువు,” అని కూడా చెప్పింది. రెండో, మూడో, ఆరో, ఏదో ఒక అంకె అనుకుని రమ్మని ఆవిడ ఉద్దేశం. ఆ మాటకు మెడలో వేసుకునే అర్థం ఒకటుందని ఆ క్షణంలో ఆవిడకు తట్టలేదు. లెక్కలు చెప్పేవాళ్ళతో వచ్చే చిక్కే ఇది.

చెప్పులు వేసుకుంటుండగా ఫోను మోగింది. పెద్ద మేడం.

“మీరు పిల్లల్ని హారాలు తెమ్మన్నారా?”

“అన్నాను మేడం. తలా ఒకటి.”

“ఎందుకమ్మా?”

ఈవిడకు ఇన్నాళ్ళకు తన పాఠం మీద ఆసక్తి పుట్టిందని లెక్కల టీచరు పొంగిపోయింది. “తలా ఒక రకం తెస్తారు కదా మేడం. ముందు అన్నిటినీ సమానం చేసేసి, తర్వాత కలిపేస్తాం.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత ఏముంది, వీలున్నవన్నీ కొట్టేస్తాం. కొట్టేయడం ఇప్పటినుంచే అలవాటు చేయాలి మేడం. పెద్ద క్లాసులకు వెళ్ళాక వాళ్ళకే పనికొస్తుంది.”

ఫోను టక్కున ఆగిపోయింది. మేడంకి నోట మాట రానంత నచ్చిందన్నమాట అనుకుని టీచరు హుషారుగా బస్సెక్కింది.

అక్కడ పెద్ద మేడంకి నోట మాట రాని మాట నిజమే. అప్పటికే ఇద్దరు తల్లులు ఫోను చేసి, పిల్లలు తమ హారాలు చెప్పకుండా పట్టుకెళ్ళారనీ, అడిగితే లెక్కల టీచరు తెమ్మందన్నారనీ చెప్పారు. ఆవిడ వాళ్ళిద్దరినీ వెంటనే రమ్మంది. తర్వాత అటెండరును పిలిచి, గేటుకి తాళం వేయమనీ, ఆ తల్లులిద్దరినీ తప్ప పైవాళ్ళెవరినీ రానివ్వొద్దనీ, ఎవరి సంచీ అయినా సరే చూడకుండా వదలొద్దనీ హుకుం జారీ చేసింది. అటెండరు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. అధికారి మాట ఎవరూ విడిగా చెప్పలేదు.

క్లాసులో టీచరు సంచీ కింద పెడుతూనే, హారాలు తెచ్చారా అని అడిగింది. తెచ్చామని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. తలెత్తి చూస్తే మెడలన్నీ మెరిసిపోతున్నాయి. ఒకడి మెడలో గవ్వలు, ఒకమ్మాయి మెడలో ముత్యాలు. ఇంట్లో ఏమీ దొరకని ఒక పిల్ల వాళ్ళ నాన్న చొక్కా బొత్తాలన్నీ పీకి గుచ్చుకొచ్చింది. చివరి బెంచీవాడు కుక్క మెడపట్టీ తగిలించుకున్నాడు, కదిలినప్పుడల్లా గంట మోగుతోంది.

“ఇవేమిటర్రా?” అంది టీచరు నీరసంగా.

“హారాలు టీచర్. మీరే కదా చిన్నవి చాలన్నారు,” అన్నాడు కుక్కపట్టీ వాడు.

ఆవిడ తల పట్టుకుంది. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఇంకా కోపం వచ్చింది. అన్నీ తీసి బల్ల మీద పెట్టమని చెబుతుండగానే మూడో బెంచీలో పేచీ మొదలైంది. అక్కడ కూర్చునేది అన్నదమ్ముల పిల్లలు. పెద్దాయన కొడుకుని క్లాసంతా తొందర అంటారు, చిన్నాయన కూతురిని సందేహం అంటారు. వాళ్ళ నానమ్మ నీలం పూసలూ తెల్ల పూసలూ కలిపి కోడళ్ళిద్దరికీ చెరొక హారం గుచ్చి ఇచ్చింది. ఇద్దరికీ సమానంగానే గుచ్చానని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా, అవతలిదానికే ఎక్కువ వచ్చాయని తోడికోడళ్ళిద్దరికీ ఇన్నేళ్ళుగా గట్టి అనుమానం. ఆ అనుమానం పిల్లలకూ అంటింది. ఎవరిది పొడుగో తేల్చుకుందామని పక్కపక్కన పెట్టి లాగారు. రెండూ తెగాయి. పూసలు గదంతా పరుగులు తీశాయి.

సరిగ్గా అప్పుడే పెద్ద మేడం, పొద్దున ఫోను చేసిన ఆ తోడికోడళ్ళను వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“ముక్కలు చేయడం అయిపోయిందా అమ్మా?” అంది.

లెక్కల టీచరుకు ఏడుపు తన్నుకొచ్చింది. హారం అంటే మెడలోది కాదనీ, భిన్నంలో కింద ఉండే అంకె అనీ మొదటినుంచీ చెప్పుకొచ్చింది. అంకెకి హారమనే పేరేమిటని పెద్ద మేడం. పుస్తకంలోనే ఉందని ఈవిడ.

“మరి కొట్టేయడం?”

“గీత పెట్టి కొట్టేయడం మేడం. పెన్సిలుతో.”

పెద్ద మేడం ఒక్క క్షణం తగ్గింది కానీ, అలా తగ్గడం ఆవిడకు అలవాటు లేదు. ఏ అర్థమైతేనేం, పూసలు నేల మీద ఉన్నాయి, ఫిర్యాదులు రెండు వచ్చాయి, వచ్చే శుక్రవారం నుంచి ఈ గంటలో వ్యాసరచనే అంది. అటు తోడికోడళ్ళు అప్పుడే మొదలుపెట్టేశారు.

“ఇన్నేళ్ళూ దానికే ఎక్కువున్నాయి. ఏరినవి ముందు నాకు ఇవ్వాలి,” అంది పెద్దకోడలు.

“అదేం లెక్క అక్కా, ఎప్పుడూ నీకే ముందా?” అంది చిన్నకోడలు.

ఇంత గొడవలోనూ సందేహం నేల మీదే ఉంది. పిల్లలందరి చేతా బల్లల కింద పూసలు ఏరించి, నీలం ఒక కుప్ప, తెల్లవి ఒక కుప్ప పోయించింది. లెక్కపెట్టి, “టీచర్, ఇవి నలభై ఏడే ఉన్నాయి. నానమ్మ ఇద్దరికీ సమానంగా గుచ్చితే నలభై ఏడు ఎలా వస్తాయి?” అంది.

టీచరు ఏడుపు ఆగిపోయింది. ఆవిడ కూడా నేల మీద కూర్చుంది. “ఎలా వస్తాయి?”

“రావు. ఒకటి తక్కువ. నలభై ఎనిమిది ఉండాలి, చెరి ఇరవై నాలుగు.”

తమ హారంలో సగం నీలమని తొందర, తమ దాంట్లో మూడింట ఒక వంతే నీలమని సందేహం చెప్పారు. సగాన్నీ మూడో వంతునీ అలాగే కూడటం కుదరదని, ఆరో వంతులు చేయాలని కుక్కపట్టీ వాడు గంట మోగించి మరీ చెప్పాడు. ఇరవై నాలుగు పూసలను ఆరు కుప్పలు చేస్తే కుప్పకు నాలుగు. సగమంటే మూడు కుప్పలు, పన్నెండు. మూడో వంతంటే రెండు కుప్పలు, ఎనిమిది. నీలం పూసలు మొత్తం ఇరవై ఉండాలి. నేల మీద పంతొమ్మిదే ఉన్నాయి.

“తెల్లవి సరిపోయాయి టీచర్. పోయింది నీలం పూస,” అని ప్రకటించాడు తొందర.

తోడికోడళ్ళు పోట్లాట మానేసి వంగి చూస్తున్నారు. పెద్ద మేడం కూడా వంగింది. వెనక గుమ్మంలో చెమటలు కక్కుతూ ఒకాయన నిలబడి ఉన్నాడు. అధికారి. గేటు దగ్గర అటెండరు ఆయన్ని అరగంట నిలబెట్టి, సంచీ మొత్తం దులిపి చూసి, టిఫిను డబ్బా మూత కూడా తీయించి, తనిఖీ కాగితం చూశాక ఇప్పుడే వదిలాడు. ఆయన కోపంగా నోరు తెరిచేలోపల సందేహం ఆయన దగ్గరకు వెళ్ళింది.

“సార్, కాస్త కాలెత్తుతారా?”

ఆయన కుడికాలు ఎత్తాడు. ఏమీ లేదు. ఎడమకాలు ఎత్తాడు. బూటు కింద అతుక్కుని నీలం పూస.

క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఇరవైనాలుగేసి పూసలు దోసిళ్ళలో పోసుకుని తోడికోడళ్ళిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. పోట్లాడుకోవడానికి ఇక ఏమీ మిగలలేదన్న దిగులు ఇద్దరి ముఖాల్లోనూ స్పష్టంగా కనిపించింది.

అధికారి కోపమంతా ఆ పూసతో పాటే దిగిపోయింది. ఇంట్లో వస్తువులతో పాఠం చెప్పడం, తల్లులను కూడా రప్పించడం, ఆఖరికి తనిఖీకి వచ్చినవాడి బూటుని కూడా లెక్కలోకి తేవడం తను ఎక్కడా చూడలేదన్నాడు. విలువైన వస్తువులు తెప్పించారు కాబట్టే గేటు దగ్గర అంత కాపలా అని ఆయనకు ఆయనే సర్దిచెప్పుకున్నాడు. ఈ గంట ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకూడదన్నాడు. మా బడిలో ఏదైనా ముందే అనుకుని చేస్తాం సార్ అంది పెద్ద మేడం. ఇంటిల్లిపాదినీ విసిగించి కత్తిరించిన రంగు పట్టీలు మాత్రం సంచీలోంచి బయటికే రాలేదు. ఆ ఉక్రోషం ఒక పక్క ఉన్నా, గంట నిలబడింది కదా అని లెక్కల టీచరు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

“వచ్చే వారం ఏం చేయిస్తున్నారు?” అని అడిగాడు అధికారి.

వచ్చే వారం వృత్తాలు. గిన్నెలూ మూతలూ తెప్పించి, అంచు నుంచి అంచుకు నడిమధ్యగా దారం పట్టించి కొలిపించాలి.

“వ్యాసం సార్,” అంది టీచరు ఉత్సాహంగా. “పుస్తకంలో చూసి కాదు, ఎవరిది వాళ్ళే స్వయంగా.”

పెద్ద మేడం ముఖం వెలిగిపోయింది. “చూశారా సార్, నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది ఇదే. రెండు పేజీలకు తగ్గకూడదమ్మా.”

లెక్కల టీచరు నోరు తెరిచింది. బల్ల మీది బొత్తాల హారం వంక, గేటు దగ్గర ఇంకా ఎవరి సంచీనో దులుపుతున్న అటెండరు వంక చూసింది.

“అంశం మీరే ఇవ్వండి మేడం,” అంది.