బ్రెజిల్ పాటకు ఉద్దానం వల

ఉద్దానం తీరంలో ఈ సంవత్సరం నుంచి వేసవి అధికారికంగా ప్రారంభమవుతుందని ప్రజలకు తెలియజేయడమైనది. ఇంతవరకు అది ఎవరి అనుమతీ లేకుండా దానంతటదే వచ్చేది.

ఈ సందర్భంగా ప్రాంతీయ సంస్కృతికి పట్టం కట్టాలని ఉత్సవ కమిటీ పలాసలో మూడుసార్లు సమావేశమై, వేయించిన జీడిపప్పు తింటూ ఆలోచించి, ఒక బ్రెజిల్ పాటను ఎంపిక చేసింది. అందులో సముద్రం ఉంది, కొబ్బరిచెట్లున్నాయి, జీడితోటలున్నాయి. ఉద్దానంలో ఉన్నవన్నీ ఉన్నాయి, ఉద్దానం వాళ్లు తప్ప. ఆ చిన్న లోటు పూడ్చడానికి జాలరి రామూర్తిని, ఆయన పెద్దవలను పిలిపించి, ఆ పాటకు వల లాగమన్నారు.

అది ఒడ్డు మీద నిలబడి లాగే వల. రెండు తాళ్లు, తాడుకు ఇరవై మంది. రామూర్తి పాట అందుకుంటే రెండు జట్లూ ఒక్క ఊపున లాగుతాయి. ఊపు తప్పితే వల ఒక పక్కకు ఒరిగి, చేపలు వచ్చిన దారినే పోతాయి. ఆ రోజు నలభై ఇళ్లలో కూర ఆ వలలోంచే రావాలి.

"నా పాట నేకపోతే వల రాదు బాబూ. ఆల పాటకి తాడెప్పుడు లాగాలో మాకేటి తెలుత్తాది?" అన్నాడు రామూర్తి.

"సంగీతానికి భాష లేదు. అనుభూతి చెందుతూ లాగండి," అని కమిటీ అధ్యక్షులు వైకుంఠరావు గారు సెలవిచ్చారు.

మైకులో బ్రెజిల్ పాట వేశారు. అనుభూతి చెందుతూనే లాగారు. ఉత్తరం తాడు వాళ్లు డప్పును బట్టి, దక్షిణం తాడు వాళ్లు గాయనిని బట్టి. ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడల్లా దక్షిణం తాడు ఆగింది. చివరికి వలలో కాస్త నాచు, ఒక చెప్పు, రెండు పీతలు వచ్చాయి. టెక్కలి నుంచి వచ్చిన అతిథులు లేచి చప్పట్లు కొట్టారు. సముద్రానికి హాని చేయని వేటగా గుర్తించి ప్రశంసాపత్రం ఇచ్చారు. రామూర్తి భార్య అప్పలమ్మ దాన్ని ఖాళీ గంపలో పెట్టుకుంది.

సాయంత్రం ముగింపు సభలో వైకుంఠరావు గారు పాటకు అర్థం చదివారు. "ఇది మా ఊరి వేసవి. వల లాగుతూ తాత పాడిందే మా పాట. అది ఆగిన రోజు ఈ ఒడ్డు మాది కాదు." చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూశారా, సొంత పాటంటే వాళ్లకెంత ప్రాణమో. మనవాళ్లకు ఆ బుద్ధి ఎప్పుడొస్తుందో." సభ కోరిక మేరకు పాట మళ్లీ వేశారు.

అదే సమయంలో సభ వెనక ఒడ్డున రామూర్తి రెండోసారి వేసిన వల లాగిస్తూ తన పాట అందుకున్నాడు. రెండు తాళ్లూ ఒక్క ఊపున కదిలాయి. మొదటి వరుసలో కూర్చుని అప్పటికే జేబురుమాలు తడిపేసిన నేను వెనక్కి తిరిగి, "కాస్త ఆపవయ్యా, పాట వినపడటం లేదు," అన్నాను.

పాపం, మర్యాద తెలిసినవాడు. ఆపాడు. తాళ్లూ ఆగాయి.