తువ్వాల కింద తోతాపురి బేరం

"ఈ చిత్తూరు జిల్లాలో నేరమనేది జరగాలంటే ముందు నా అనుమతి తీసుకోవాల ప్రసాదూ" అని మా ఏకాంబరం ప్రకటించాడు. అప్పటికి వారం కిందటే వాడి ఎస్టీడీ బూత్ బోర్డును ఎవరో ఎత్తుకెళ్ళారు. ఆ కేసు ఇంకా దర్యాప్తులోనే ఉంది. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు రావడంతో బూత్‌లో ఈగలు తోలుకుంటూ వాడు డిటెక్టివ్‌గా మారాడు. వాణ్ణి టీవీఎస్ వెనక ఎక్కించుకు తిరిగే ఖర్మ మునిప్రసాద్ అనే నాది.

ఈసారి మాత్రం నిజంగానే కేసు వచ్చింది. మా పక్కింటి దేవకమ్మ ఒక జెర్సీ ఆవును పెట్టుకుని పాలు పోసి బతుకుతుంది. పాలడబ్బు బ్యాంకులో పడుతుంది. ఆ ఖాతాను బ్యాంకువాళ్ళు ఆపేశారు. కారణం గిరిప్రసాద్ అనే పెద్దమనిషి. కార్వేటినగరం దగ్గర తనకు ఇరవై ఎకరాల తోతాపురి మామిడితోట ఉందని చెప్పుకునేవాడు. కాయలమ్మిన డబ్బు నాలుగు రోజులు నీ ఖాతాలో ఉంచుకుంటానని అడిగి, రెండేళ్ళుగా లక్షలు వేస్తూ తీస్తూ ఉన్నాడు. మొగమాటం కొద్దీ ఆమె అడిగిన చోటల్లా సంతకం పెట్టింది. ఇప్పుడు కొత్తగా మనీలాండరింగ్ చట్టం వచ్చింది. ఆ లక్షలు ఎక్కడివో తేలేదాకా ఆమె తన పాలడబ్బు కూడా తీయడానికి లేదు.

"దాణా కొనేదానికి లేదన్నా. శుక్రవారం ఆవును అమ్మేస్తా. దాన్ని పస్తు పెట్టి సూడలేను" అని దేవకమ్మ కళ్ళొత్తుకుంది. నాకు జాలేసింది. ఏకాంబరానికీ వేసే ఉంటుంది గానీ, వాడు దాన్ని వెంటనే శుక్రవారంలోగా దొంగల్ని పడతానన్న భీషణ ప్రతిజ్ఞగా మార్చేశాడు.

బంగారుపాళ్యం మామిడి మండీకి పోయే దారి పొడుగునా నాకు చట్టం బోధించాడు. దొంగసొమ్మును మంచిసొమ్ముగా చూపించడమే ఈ నేరమట. గిరిప్రసాద్ నిర్దోషి అని కూడా తీర్పిచ్చేశాడు. పంట ఆదాయానికి పన్నే లేదు, తోటున్న ఆసామికి దొంగపనులెందుకు? కాబట్టి ఆయన కాయలు కొని దొంగసొమ్ము అంటగడుతున్న ముఠా ఒకటి ఆ మండీలో ఉండి తీరాలి. వాళ్ళకు అనుమానం రాకూడదని వాడు పెళ్ళినాటి తెల్ల సఫారీ వేసుకొచ్చాడు. బొత్తాలు ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాయి.

మండీలో దళారి ఆదిమూలం, గిరిప్రసాద్ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. కలిపిన చేతుల మీద తువ్వాల కప్పి ఉంది. నోట మాట లేదు, తువ్వాల కింద వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. మామిడి మండీలో అది పాత పద్ధతే. పక్కవాడికి రేటు తెలియకుండా వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. చేయి గట్టిగా పట్టేస్తే కొన్నట్టు, తువ్వాల తీసేస్తే బేరం ముగిసినట్టు. ఆ ఏడు కాపు తక్కువ. మండీలో తిరుగుతూ, కాయలు ఎప్పుడూ మద్రాసువాళ్ళకే అమ్మానని చెప్పే గిరిప్రసాద్‌ను, ఈసారి తోట నాకియ్యమని ఆదిమూలం పట్టుకున్నాడు. ఎవరూ కొనలేని రేటు చెప్పి ఆయన తప్పించుకోబోతున్నాడు.

"హవాలా సైగలు" అని ఏకాంబరం నా చెవిలో ఊదాడు. నేను నోరు తెరిచేలోపే పోయి తువ్వాల కింద చేయి దూర్చి, దొరికిన చేతిని ఉడుంపట్టు పట్టాడు. అది గిరిప్రసాద్ చేయి.

ఆదిమూలం ఆ సఫారీని ఎగాదిగా చూశాడు. నాయుడుపేట పెద్ద వ్యాపారి అనుకున్నాడట. "అడిగిన రేటుకే కొనినాడు" అని తువ్వాల తీసేశాడు.

అంత రేటు పలికిన తోటను చూడాలని మండీ అంతా మూగింది. గిరిప్రసాద్ కావలివాడికి జ్వరమన్నాడు. తర్వాత తోటలో పాములన్నాడు.

"మాట అయిపోయినాది సామీ. లారీ ఈడే ఉండాది, పదండి" అని ఆదిమూలం ఆయన్ను డ్రైవరు పక్కన కూర్చోబెట్టాడు.

లారీ వెనక మేమూ పోయాం. కార్వేటినగరం దగ్గర తోటన్న చోట ఉన్నది గుట్ట, కంపచెట్లు, నాలుగు మేకలు. గుమ్మానికి కట్టడానికి కూడా ఒక్క మామిడాకు లేదు. కాయ యాడ అని ఆదిమూలం అడిగితే గిరిప్రసాద్ చెమట తుడుచుకున్నాడు. తిరుపతిలో ఒకే ప్లాటును ముగ్గురికి అమ్మి కూడబెట్టిన సొమ్మును, లేని తోట పేరుతో ఆయన మామిడి డబ్బు చేస్తున్నాడని తర్వాత తేలింది.

చిక్కు అక్కడే వచ్చింది. గురువారం మండీ ఆఫీసుకు విచారణకొచ్చిన ఆఫీసరు ముందు, తోట లేదని దేవకమ్మకు మొదట్నుంచీ తెలుసని, ఆమెకూ వాటా ఉందని గిరిప్రసాద్ చెప్పేశాడు. ఆమె గోడకానుకుని కూలబడింది. ఆఫీసరు ఏకాంబరం వైపు తిరిగి, తోట లేదని మీకెలా తెలిసింది, ఈమె చెప్పిందా అని అడిగాడు.

అప్పటికే అంతా తన మేధస్సేనని టీకొట్టులో డప్పు కొట్టుకున్నాడు వాడు. ఇక్కడా తోట లేదని ముందే కనిపెట్టానంటే, అది దేవకమ్మే చెప్పిందనుకుంటారు, ఆమె మునిగిపోతుంది. ఏకాంబరం గొంతు సవరించుకుని, ఆమెను చూసి, తల దించుకున్నాడు.

"నాకేమీ తెలీదు సార్. తోట ఉండాదనే నేనూ నమ్మినాను. ఆదిమూలాన్ని పట్టుకోబోయి ఈయన చెయ్యి పట్టుకున్నాను. డిటెక్టివ్‌ని, నాకే తెలీనిది, పొద్దున లేస్తే ఆవు మొగం తప్ప ఇంగోటి సూడని ఈయమ్మకు యెట్ల తెలస్తాది?"

మేమూ నమ్మినామని ఆదిమూలం, అతని వెనక మండీవాళ్ళూ చెప్పారు. ఆఫీసరు నవ్వాపుకుంటూ అంతా రాసుకుని, పాలడబ్బు వదలమని బ్యాంకుకు కబురుపెట్టాడు. శుక్రవారం ఆవును కొనడానికొచ్చిన మనిషి మజ్జిగ తాగి ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు.

గురువారం విచారణ నుంచి తిరిగొచ్చి ఇంటి ముందు దిగాక, ఆఫీసరు ముందు తానన్నమాట టీకొట్టులో మాత్రం చెప్పొద్దని ఏకాంబరం నా చేయి పట్టుకున్నాడు. వాణ్ణి చూస్తే మొదటిసారి గర్వమేసింది నాకు. టీకొట్టులో ఇంతవరకూ చెప్పలేదు.